ఖాళీ కుర్చీ అధ్యక్షతన

ఆ రోజుల్లో మా చోడవరం చుట్టుపక్కల ఎలిమెంటరీ బడిపంతుళ్లందరూ నెలకోసారి ఒకచోట చేరి జ్ఞానం పెంచుకునేవారు. దాన్ని సెంటరు మీటింగు అనేవారు. జ్ఞానం పెంచుకునేవారని మర్యాద కోసం అన్నాను గానీ, ఆ మీటింగుల్లో నాకు తెలిసి పెరిగింది ఓపిక ఒక్కటే. ముందు ప్రార్థన, తర్వాత అధ్యక్షులవారి ఎన్నిక, ఆయన మెడలో దండ, ఆయన ఉపన్యాసం. ఆ తర్వాత ఎవరో ఒక మాస్టారు మోడల్ పాఠం చెప్పేవారు. పిల్లలు ఆయన బడి పిల్లలే. ముందు వారమంతా అదే పాఠం వల్లెవేసి, తలకి నూనె రాసుకుని, బొత్తాలున్న చొక్కాలు తొడుక్కుని వచ్చేవారు. మాస్టారు ప్రశ్న సగం అడిగేసరికే జవాబు వచ్చి పడేది. (ఒకసారి ఒక మాస్టారు కంగారులో మధ్యలో ఒక ప్రశ్న మరిచిపోయి తర్వాతి ప్రశ్న అడిగేశారు. పిల్లలు మాత్రం మరిచిపోయిన ప్రశ్నకే జవాబు చెప్పారు. ఎవరూ నవ్వలేదు. రేపు మన వంతు వస్తుంది కదా!) ఆ పైన విమర్శ. "పాఠం దివ్యంగా ఉన్నది, నల్లబల్ల మాత్రం ఇంకొంచెం శుభ్రంగా తుడవవలసింది" అని ఒకరు, "సుద్దముక్క పొడుగు ఎక్కువైంది" అని ఇంకొకరు. తర్వాత అడ్డాకుల్లో ఉప్మా, వందన సమర్పణ. ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోయేవారు.

అప్పుడే ట్రైనింగు పూర్తి చేసుకుని, సన్నగా మీసం పెంచుకుని, ప్రపంచాన్ని బాగుచేద్దామని నేను ఉద్యోగంలో చేరాను. చోడవరం నుంచి బుచ్చయ్యపేట పోయే రోడ్డు మీద, రెండు పక్కలా చెరకు తోటల మధ్య ఉన్న చిన్న ఎయిడెడ్ బడి అది. హెడ్మాస్టరు గారు పై తరగతులు తీసుకుని, ఒకటో తరగతి నాకు అప్పగించారు. ఆ తరగతిని అంతకు ముందు ఏలిన మహానుభావుణ్ణి ఊళ్లో మైకు మాస్టారు అనేవారు. ఆయన పాఠం చెబితే పక్క ఊళ్లో గేదెలు తల తిప్పి చూసేవట. ఆయన పద్ధతి ఒక్కటే. మాస్టారు ఏం అంటే పిల్లలు అది గట్టిగా అనాలి. ఏళ్ల తరబడి ఆ పద్ధతిలో తరగతిని తీర్చిదిద్ది, ఆయన రిటైరై హాయిగా వెళ్లిపోయారు. ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. మొదటి రోజు లోపలికెళ్లి, ట్రైనింగులో నేర్పినట్టు చిరునవ్వు నవ్వి, "కూర్చోండి" అన్నాను.

"కూర్చోండి!" అన్నారు పిల్లలందరూ, పైకప్పు ఎగిరిపోయేలా.

"నా పేరు..." అన్నాను. "నా పేరు!" అన్నారు. "అలా అనకండి" అన్నాను. "అలా అనకండి!" అన్నారు. "ఒరే, ఆపండర్రా!" అన్నాను. వాళ్లు అది ఇంకా బాగా అన్నారు, ఎందుకంటే అది వాళ్లకి అలవాటైన మాటలా ఉంది. చివరికి దిక్కుతోచక "అయ్యో దేవుడా" అనుకున్నాను నాలో నేను. పైకే అనేశానని తర్వాత గానీ తెలియలేదు. ఆ మాట వాళ్లు రాగం తీసి అన్నారు.

ఈ గోల బయటికి ఎంత ఘనంగా వినిపించేదో చెప్పలేను. రోడ్డు మీద చెరకు బళ్లు తోలుకుపోయే రైతులు ఆగి వినేవారు. "కొత్త మాస్టారు కుర్రోడే గాని బాగా సెప్తన్నాడ్రా" అనుకునేవారట. నేను వెళ్లి గోడు చెప్పుకుంటే మా హెడ్మాస్టరు గారు సంతోషంతో నా భుజం తట్టారు. "మరేటి బాబూ నీ బాధ? అంత సక్కగా సెప్తన్నారు గదా పిల్లలు!" అన్నారు. చక్కగా చెప్పడం నిజమే. కానీ నల్లబల్ల మీద 'అ' రాసి ఇదేమిటని అడిగితే "ఇదేమిటి!" అనేవారు. ఏడాది చదివిన పిల్లల్లో ఒక్కరికీ ఒక్క అక్షరం వేలు పెట్టి చూపించడం రాదు.

ఇక్కడ నా పీకల మీదికి వచ్చిన సంగతి ఇంకొకటి ఉంది. వేసవి సెలవుల ముందు ఇన్‌స్పెక్టరు గారు తనిఖీకి వస్తారు. ఆయన బాగుందంటే నా ఉద్యోగం ఉంటుంది. లేదంటే బడి మేనేజరు గారు ఇంకో మాస్టార్ని చూసుకుంటారు. ఆ మాట ఆయన నాకు ముందే, నవ్వుతూనే చెప్పారు. అవతల అనకాపల్లిలో మా మేనమామకి బెల్లం మండీ ఉంది. నేనెప్పుడు ఓడిపోయి వస్తానా, నన్నెప్పుడు గుమస్తాగా కూర్చోబెడదామా అని ఆయన ఎదురు చూస్తున్నాడు. వారం వారం సంతకి వచ్చి, "బెల్లం అయితే తియ్యగా ఉంటాదిరా అల్లుడూ. సుద్దముక్కలో ఏటుందిరా?" అని వెళ్లేవాడు. నాకు పంతులుద్యోగమే కావాలి. ఎందుకని అడిగితే అప్పుడూ చెప్పలేకపోయాను, ఇప్పుడూ చెప్పలేను. సుద్దముక్క చేతిలో ఉంటే నాకు బాగుండేది, అంతే.

పోనీ సెంటరు మీటింగులో అడుగుదామని ఒకసారి ధైర్యం చేసి లేచాను. "అయ్యా, పిల్లలు మనం అన్నదల్లా తిరిగి అంటుంటే ఏం చెయ్యాలండీ?" అన్నాను. అధ్యక్షులవారు ఆ రోజు కార్యక్రమం రాసిన చీటీ చూసుకుని, "ఈ అంశం ఇందులో లేదు" అన్నారు. కూర్చున్నాను. ఆ సాయంత్రం బస్టాండు దగ్గర కాఫీ హోటలు ముందు నిలబడి ఏడవలేక నవ్వుతుంటే, చీడికాడ వైపు నుంచి వచ్చే సైకిలు మాస్టారు నా పక్కకి వచ్చారు. (ఆ చుట్టుపక్కల సైకిలున్న పంతులు ఆయనొక్కరే. అందుకని అది ఆయన ఇంటిపేరైపోయింది.) నా కంటే నాలుగైదేళ్లు పెద్ద. ఏదో మాటల్లో ఆయన, ఎక్కాలు రాని పిల్లల చేత గోలీలాడిస్తూ ఎక్కాలు ఎలా నేర్పారో చెప్పారు. కాఫీ చల్లారిపోయింది. ట్రైనింగులో రెండేళ్లు కూర్చున్నా నాకు ఎక్కని సంగతి, గ్లాసు చేత్తో పట్టుకుని నిలబడ్డంతలో ఎక్కింది. "మాస్టారూ, మనం మీటింగే ఇలాగ పెట్టుకుంటే?" అన్నాను. "ఎలగ? హోటల్లోనా?" అన్నారాయన. "కాదండీ. అధ్యక్షుడు వద్దు, ఉపన్యాసం వద్దు. ఎవరికి ఏ ఇబ్బంది ఉంటే అది చెప్పుకోవడం, తెలిసినవాళ్లు చెప్పడం. అంతే" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "నీకు జొరమేటన్నా తగిలిందేటి బాబూ?" అన్నారు. అన్నారే గానీ, సైకిలెక్కబోతూ ఆగి "ఎప్పుడు?" అని కూడా అడిగారు.

చోటు కోసం మిషను బడికి వెళ్లాం. అక్కడ చిన్నపిల్లలకి పాఠాలు చెప్పే ఆవిడని అందరూ హార్మోనియం టీచరమ్మ అనేవారు. ఆదివారం చర్చిలో వాయించేదీ ఆవిడే. ముందు మా మాటలు పూర్తిగా విని, తర్వాత షరతులు పెట్టింది. "ఆదివారం మధ్యాహ్నం ఇస్తాను బాబూ. బీడీలు కాల్చకూడదు. ఉమ్మకూడదు. నాలుగింటికి సండేస్కూలు పిల్లలు వస్తారు, ఆపాటికి లేచిపోవాల. మరి నన్ను కూడా పిలుస్తారా, బల్లలు తుడవడానికేనా?" అంది. పిలుస్తామన్నాం. కబురు చెప్పడం సైకిలు మాస్టారు సైకిలు మీద కొంత, నేను బస్సు కండక్టర్ల ద్వారా కొంత చేశాం. పంతుళ్లు రారేమోనన్న భయంతో, చివర్లో ఉప్మా ఉంటుందన్న మాట కూడా కలిపాను. ఆ ఉప్మా ఎవరు చేస్తారో అప్పటికి నాకే తెలియదు. (టీచరమ్మే చేసింది. బల్లలు కూడా ఆవిడే తుడిచింది.)

ఆదివారం గదినిండా వచ్చారు. ఆశ్చర్యం ఏమిటంటే బెత్తం తాతగారు కూడా వచ్చారు. ఆయన చోడవరంలో పెద్ద బడికి హెడ్మాస్టరు. ఆయన వరండాలో నడిస్తే పిల్లలు ఊపిరి బిగబట్టేవారు. అక్కడికి వచ్చిన పంతుళ్లలో సగం మంది చిన్నప్పుడు ఆయన దగ్గర దెబ్బలు తిన్నవాళ్లే, సైకిలు మాస్టారితో సహా. ఆయన్ని చూడగానే అందరూ పిల్లల్లా లేచి నిలబడ్డారు. ఆ నిలబడ్డవాళ్లు ఇక కూర్చోలేదు. ఎందుకా అని చూస్తే, అందరూ ముందున్న కుర్చీ వైపు చూస్తున్నారు. అందులో ఎవరూ లేరు.

"అధ్యక్షులెవరు?" అన్నారొకరు.

"ఎవరూ లేరండీ, అదే ఈ మీటింగు గొప్ప" అన్నాను.

"అదేటి బాబూ! పెళ్లికొడుకు లేకుండా పెళ్లేటి? మేం ఎవరితో మాట్లాడాల?"

"మనలో మనమే మాట్లాడుకోవాలండీ."

"అది ఇంటికాడ మాట్లాడుకుంటాం. దానికి ఇంత దూరం రావాలా?"

ఎవరో దండ కూడా తెచ్చారు. అలవాటు కొద్దీ తెచ్చేశారు. దాన్ని చేత్తో పట్టుకుని ఆయన అటూ ఇటూ చూస్తుంటే నాకు జాలేసింది. ఎంత చెప్పినా ఒక్కరూ కూర్చోరు. చివరికి సైకిలు మాస్టారు ఆ దండ అందుకుని తిన్నగా వెళ్లి ఖాళీ కుర్చీకి వేసేశారు. అందరూ చప్పట్లు కొట్టి కూర్చున్నారు. ఆ తర్వాత లేచినవాళ్లంతా కుర్చీ వైపు తిరిగి, చేతులు జోడించి, "గౌరవనీయులైన అధ్యక్షా" అని మొదలుపెట్టారు. అధ్యక్షులవారు చాలా ఓపికగా విన్నారు. నిజం చెప్పాలంటే నేను చూసిన అధ్యక్షులందరిలోకీ ఆయనే నయం.

విషయం మాత్రం ఏమీ జరగలేదు. ఏ ఇబ్బందులున్నాయో చెప్పండి అంటే, మొదటాయన లేచి "మా బడిలో ఏ ఇబ్బందీ లేదు" అని కూర్చున్నారు. రెండో ఆయన బడిలోనూ ఏ ఇబ్బందీ లేదు. మూడో ఆయన, తన బడిలో ఇబ్బంది లేకపోగా పిల్లలకి చదువంటే ఎక్కడ లేని ఇష్టమన్నారు. బెత్తం తాతగారు లేవకుండానే "మా బళ్లో సూది పడినా ఇనిపిస్తాది" అన్నారు. నాలుగో ఆయన, బడి సంగతి వదిలేసి, చోడవరంలో పంచదార ఫ్యాక్టరీ వస్తుందంటున్నారు, వాటా కొంటే మంచిదా కాదా అని అడిగారు. అంతే, గది ఒక్కసారి ప్రాణం పోసుకుంది. ప్రతివాళ్లకీ దాని మీద అభిప్రాయముంది. బెల్లం గానుగలు ఏమైపోతాయి, ఫ్యాక్టరీకి చెరకు ఎలా తోలాలి అని, చేతులూపుతూ, బల్లలు గుద్దుతూ, ఒకరి మాట ఒకరు నరుక్కుంటూ మాట్లాడుకున్నారు. నేను కోరుకున్న మీటింగు సరిగ్గా అలాంటిదే, కాకపోతే చదువు గురించి అయితే బాగుండేది. మధ్యలో నా వంతు వచ్చింది. లేచాను. నెలల తరబడి గుండెల్లో పెట్టుకున్న మాట నోటిదాకా వచ్చింది. ఇంతమంది మహానుభావుల మొహాలు చూశాను. "గౌరవనీయులైన అధ్యక్షా, మా బడిలో కూడా ఏ ఇబ్బందీ లేదండీ" అని కూర్చున్నాను. సైకిలు మాస్టారు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ తలుచుకుంటే నా చెవులు వేడెక్కుతాయి.

అప్పటికి టీచరమ్మకి విసుగొచ్చింది. గుమ్మం దగ్గర నిలబడి, చేత్తో గరిట పట్టుకుని, "ఏ బళ్లోనూ ఏ ఇబ్బందీ లేకపోతే మంచిదే. మరి టైము పోతంది. ఎవరో ఒకరు పాఠమన్నా చెప్పండి" అంది. పిల్లలేరని ఒకరడిగారు. "మీరు లేరూ? కింద కూర్చోండి" అంది. ఎవరూ కదలలేదు. ముందుగా బెత్తం తాతగారే లేచి, పంచె సర్దుకుని, చిన్నపిల్లలు కూర్చునే చాప మీద బాసిపట్టు వేసుక్కూర్చున్నారు. ఇక మిగిలినవాళ్లకి తప్పలేదు. చిన్నవాడినని నన్ను నల్లబల్ల దగ్గరికి తోశారు. 'ఆవు' అని రాసి, ఆవు పాఠం మొదలుపెట్టాను. ఏం చెప్పమంటారు, అంతమంది తెలివైన పిల్లలు ఏ పంతులికీ దొరికి ఉండరు. నేను నోరు తెరవకముందే చేతులెత్తేవారు. ఆవుకి ఎన్ని కాళ్లని అడిగితే, కాళ్లతో పాటు కొమ్ములూ తోకా కూడా చెప్పేసేవారు. ఇదీ మోడల్ పాఠమే అయిపోయిందని నీరుగారిపోతుండగా, ముందు వరసలోంచి పెద్ద ఏడుపు వినిపించింది.

"మాస్టారండీ! ఈడు నా పలక తీసేసుకున్నాడండీ!"

బెత్తం తాతగారు! కళ్లు నులుముకుంటూ, కింది పెదవి బయటపెట్టి, కాళ్లు నేలకేసి కొడుతూ ఏడుస్తున్నారు. గది కొయ్యబారిపోయింది. పక్కన కూర్చున్న మాస్టారు భయపడి, లేని పలకని తిరిగి ఇచ్చేయబోయారు. నేను సుద్దముక్క పట్టుకుని చూస్తుంటే, ఆయన ఏడుపు టక్కున ఆపి మామూలు గొంతుతో, "మా బళ్లో ఒక గుంటడున్నాడు. దినాం ఇదే. పలక దాసినోడూ ఆడే, ఏడిసినోడూ ఆడే. ఏటి సేస్తావో సెయ్యి" అన్నారు. అని, మళ్లీ ఏడుపు అందుకున్నారు. మధ్యలో ఇంకోసారి ఆపి, అందరి వైపూ తిరిగి, "ఇది నా ఇబ్బంది కాదు. గుంటడి ఇబ్బంది" అని స్పష్టం చేశారు.

ఆ మాటతో గట్టు తెగింది. ఇబ్బంది పంతులుది కాదు, పిల్లవాడిదైతే ఎవరికేం నామోషీ? ఇబ్బందే లేదన్న మొదటాయన గోడ వైపు తిరిగి పడుకుని నిద్రపోయారు. గానుగ రోజుల్లో తెల్లవార్లూ ఎడ్లు తోలి బడికొచ్చే కుర్రాడట ఆయన. తన పిల్లలకి చదువంటే ఎక్కడ లేని ఇష్టమన్న మూడో ఆయన కిటికీ లోంచి పారిపోబోతే ఇద్దరు పట్టుకున్నారు. ఒక్కొక్కరూ తమని ఓడించిన పిల్లవాడై కూర్చున్నారు. ఎంత బాగా చేశారంటే, ఎన్నేళ్లు ఆ పిల్లవాణ్ణి చూస్తూ రాత్రిళ్లు నిద్రపట్టక గడిపారో తెలిసిపోయింది. నల్లబల్ల దగ్గర నేను తేలిపోతే సైకిలు మాస్టారు వచ్చారు. ఆయన ఏడ్చే తాతగారి దగ్గర గొంతుక్కూర్చుని, "ఒరే, నీ పలక దొరికినదాకా నా పలక నువ్వు జాగర్తగా సూడు" అని చేతిలో పెట్టారు. తాతగారు ఏడుపు ఆపి ఆలోచించారు. "ఇది పనిసేస్తాది" అన్నారు, పిల్లవాడి గొంతుతోనే. అలా ఒకరి తర్వాత ఒకరు లేవడం, ఒకరికి తట్టనిది ఇంకొకరికి తట్టడం.

ఈ ధైర్యంతో నేనూ వెళ్లి పిల్లల్లో కూర్చున్నాను. సైకిలు మాస్టారు "సరిగ్గా కూర్చోరా" అన్నారు. నేను గట్టిగా "సరిగ్గా కూర్చోరా!" అన్నాను. "ఏట్రా?" అన్నారు. "ఏట్రా!" అన్నాను. రెండు మాటలకి గది మొత్తం కనిపెట్టేసింది, మూడో మాటకి అందరూ అందుకున్నారు. అంతమంది పెద్దవాళ్లు ఒక్క గొంతుతో అరిస్తే ఎలా ఉంటుందో ఊహించండి. బయట రోడ్డు మీద జనం పోగయ్యారు. సైకిలు మాస్టారు ఏం చెప్పినా తిరిగి ఆయన మీదే పడుతోంది. తలపట్టుకుని కూలబడ్డారు. బెత్తం తాతగారికి ఇది చూసి పౌరుషం వచ్చింది. లేచి, పెద్దమనిషైపోయి, తన ప్రఖ్యాతి గాంచిన కంఠంతో "నోర్ముయ్యండి!" అన్నారు.

"నోర్ముయ్యండి!" అంది గది. చిన్నప్పుడు ఆయన చేతిలో దెబ్బలు తిన్నవాళ్లందరూ, బతికుండగా ఇలాంటి రోజొకటి వస్తుందనుకోని వాళ్లందరూ, కళ్ల నీళ్లొచ్చేలా ఆనందిస్తూ అన్నారు. ఆయన ఇంకోసారి అన్నారు. వీళ్లు ఇంకోసారి అన్నారు. వీళ్ల ముచ్చట తీర్చడానికే ఆ రెండోసారి అన్నారేమోనని నాకిప్పుడు అనుమానం.

అప్పుడు టీచరమ్మ గరిట పక్కనపెట్టి, చెయ్యి కొంగుకి తుడుచుకుని లోపలికి వచ్చింది. ఎవర్నీ ఏమీ అనలేదు. తిన్నగా తాతగారి దగ్గరికి వెళ్లి, వంగి, ఆయన చెవిలో ఏదో చెప్పింది. ఆయన కొంచెం సేపు ఆలోచించి, బుద్ధిగా వెళ్లి కిటికీ తలుపు వేసి వచ్చి, చేతులు కట్టుకుని కూర్చున్నారు. మేం తిరిగి అనడానికి మాట వినబడితే గదా! ఆవిడ ఇంకొకరి దగ్గరికి వెళ్లింది. ఆయన లేచి నల్లబల్ల మీద 'వు' కింద గీత గీసి వచ్చారు. గదిలో చప్పుడు లేదు. అందరూ మెడలు చాపి, ఏం చెబుతోందో వినాలని ఊపిరి బిగబట్టారు. "నాకండీ, నాకండీ" అని గుసగుసలు మొదలయ్యాయి. ఆవిడ నా దగ్గరికి వచ్చి నా చెవిలో, "వాళ్లు నీ మాట వినబట్టే గదా బాబూ తిరిగి చెప్తన్నారు. వినే పిల్లలు దొరికితే ఏడుస్తావేటి? గొంతు తగ్గించు, పని చెప్పు" అంది. ఇంతలో సండేస్కూలు పిల్లలు వచ్చేశారు. గుమ్మంలో నిలబడి, చాపల మీద బుద్ధిగా కూర్చున్న పంతుళ్లందర్నీ నోరు తెరుచుకుని చూశారు. మేం ఉప్మా పొట్లాలు పట్టుకుని పెరటి దారిన బయటపడ్డాం.

మర్నాటి నుంచి నేను బడిలో గొంతెత్తలేదు. మొదటి వారం పిల్లలు నమ్మలేదు. ఏమీ వినబడకపోతే ఏం అరవాలో తెలియక, ఖాళీగా "ఆ!" అని అరిచి చూశారు. తర్వాత చెవి ఇవ్వడం మొదలుపెట్టారు. ఒక్కొక్కర్నీ పిలిచి చెవిలో చెప్పడం, వాళ్లు వెళ్లి బల్ల మీద అక్షరం చూపించడం. ఊళ్లో మాత్రం నా పరువు పోయింది. "మాస్టారికి ఒంట్లో బాగోలేదేటో, బళ్లో సప్పుడే లేదు" అని రైతులు బెంగపడ్డారు. ఒకాయన శొంఠి కూడా పంపించాడు.

తనిఖీ రోజు రానే వచ్చింది. ఇన్‌స్పెక్టరు గారిది భారీ విగ్రహం, దానికి తగ్గ గొంతు. మా తరగతి గుమ్మం ముందు నిలబడి చెవి ఒగ్గి, "ఒకటో తరగతికి ఇవాళ సెలవా?" అని హెడ్మాస్టరు గార్ని అడిగారు. లోపలికి వచ్చి కుర్చీలో కూర్చున్నారు. నేను చెవుల్లో చెబుతున్నాను, పిల్లలు వెళ్లి చూపిస్తున్నారు. కాసేపు చూసి, "ఏమయ్యా, గొంతు పోయిందా?" అన్నారు. లేదని చెప్పబోయేసరికి నిజంగానే పోయింది. ఆయన లేచి, నల్లబల్ల ముందు నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, "పిల్లలూ! ఇందులో ఆవు ఎక్కడుంది?" అని ఉరిమారు.

మైకు మాస్టారి తర్వాత అంత గొంతు వాళ్లు మళ్లీ వినలేదు. పిల్లల పెదవులు కదలడం చూశాను. ఒక్కరు "పిల్లలూ" అన్నారా, నేను సాయంత్రం బస్సుకి అనకాపల్లి మండీలో ఉంటాను. ఇంతలో ముందు వరసలోంచి ఒక చిన్న ఆడపిల్ల లేచింది. తిన్నగా నడిచి వెళ్లి, ఇన్‌స్పెక్టరు గారి కోటు అంచు పట్టుకుని లాగింది.

"అలగ అరవకండి. సెవిలో సెప్పాల" అంది.

మా హెడ్మాస్టరు గారు గోడకి చేరబడ్డారు. ఇన్‌స్పెక్టరు గారు ఆ పిల్లని చూశారు, నన్ను చూశారు. తర్వాత ఒక చెయ్యి మోకాలి మీద ఆనించుకుని, కష్టం మీద వంగి, ఆ పిల్ల చెవిలో ఏదో అన్నారు. అది విని, ఆలోచించి, తిరిగి ఆయన చెవిలో ఏదో చెప్పి, వెళ్లి బల్ల మీద 'ఆవు' మీద వేలు పెట్టింది. ఆయన మీసం తడుముకుంటూ ఒక్కసారిగా నవ్వారు. అంతే, పిల్లలందరూ "నాకండీ, నాకండీ" అని ఆయన చుట్టూ మూగారు. ఆయన వంగినవారు వంగినట్టే ఉండి, అందరి చెవుల్లోనూ చెప్పారు. గంట కొట్టినా లేవలేదు. వెళ్లేటప్పుడు నడుం పట్టుకుని, "పాఠం బాగుందయ్యా. నీ కంఠం మాత్రం కొంచెం పెరగాలి" అని చెప్పి వెళ్లారు. ఏమన్నావే అని ఆ పిల్లని అడిగితే, "మీసం గుచ్చుకుంటందండి అన్నాను" అంది.

ఉద్యోగం నిలిచింది. ఆ వారం సంతకి వచ్చిన మా మామకి, నేను రానని చెప్పేశాను. ఆయన కొంచెం సేపు బాధపడి, పెద్ద బెల్లం ముక్క ఒకటి నా చేతిలో పెట్టి, "మీ పిల్లలకి పెట్టరా, అలాగన్నా నోరు మూస్తారు" అన్నాడు. నోళ్లు ఎప్పుడో మూశారని చెబితే నమ్మలేదు.

మళ్లీ నెల ఆదివారం అందరం మిషను బడిలో కలిశాం. ఈసారి పిలవనివాళ్లు కూడా వచ్చారు. ఫ్యాక్టరీ మాట కాస్త తొందరగానే తెమిలిపోయింది. ఒక్కొక్కరూ తమ తమ పిల్లవాడై ఏడిచి, అల్లరి చేసి, పారిపోయి, హాయిగా నవ్వుకున్నాక బెత్తం తాతగారి వంతు వచ్చింది. గుంటడు ఏం చేస్తాడా అని అందరం ఆశగా చూస్తున్నాం. ఆయన కదల్లేదు.

"ఇయాళ నాను ఏ గుంటడినీ కాను" అన్నారు. "పై అంకె సిన్నదయినప్పుడు పక్క ఇంట్లోంచి అప్పు తెచ్చి తీసే లెక్క ఉంది సూడండి. అది ఇన్నేళ్లూ కొట్టి సెప్పేను. కొట్టకుండా ఎలగ సెప్పాలో నాకు తెలీటం లేదు. తెలిసినోళ్లు ఎవరైనా ఉంటే సెప్పండి బాబూ."

ఎవరూ నవ్వలేదు. సైకిలు మాస్టారు లేచారు. ఆ లెక్క రాకే చిన్నప్పుడు ఆయన తాతగారి చేతిలో దెబ్బలు తిన్నారని మా అందరికీ తెలుసు. ఆయన సంచిలోంచి గుప్పెడు చింతగింజలు తీసి, తాతగారి ఎదురుగా నేల మీద కూర్చున్నారు. పదేసి గింజలు గుడ్డముక్కల్లో మూటలు కట్టి, ఒక మూట విప్పి, "ఇలగ తాతగారూ" అని చూపించారు. తాతగారు కళ్లద్దాలు సర్దుకుని, ముందుకి వంగి చూశారు. "ఇంకోపాలి సూపించు" అన్నారు. ఇంకోపాలి చూపించారు. "విప్పిన మూట మళ్లీ కట్టొద్దా?" అని సందేహం అడిగారు. మేమందరం చుట్టూ చేరి చూస్తూండిపోయాం.

ఆ సాయంత్రం బుచ్చయ్యపేట రోడ్డు మీద ఇంటికి నడుస్తూ నేను ఎంత ఉబ్బిపోయానో చెప్పడానికి సిగ్గేస్తుంది. పంతుళ్ల లోకాన్ని నేనొక్కడినే తిప్పేశాననీ, జిల్లా అంతా ఇలాంటి మీటింగులు పెట్టిస్తాననీ, అప్పుడు నేను ఏం మాట్లాడాలో అదీ ఆలోచించుకున్నాను. (జిల్లా అంతా ఏమీ జరగలేదు. మాది మాత్రం కొన్నేళ్లు నడిచింది. అంతే చాలు.) ఇప్పుడు నాకు ఆనాటి తాతగారి కంటే వయసెక్కువ. కుర్ర మాస్టార్ల మధ్య కూర్చున్నప్పుడు, "నాకు తెలీటం లేదు బాబూ, చెప్పు" అనాలని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. కొన్నిసార్లు మింగేశాను. ఒకటి రెండుసార్లు అనగలిగాను. చాలా కష్టమండీ ఆ మాట, నాలుక పూర్తిగా తిరగదు. ఆ సాయంత్రం రోడ్డు మీద నడుస్తున్న ఆనాటి నేననే కుర్రాడికి అదేమీ తెలియదు. తోటలోంచి ఒక చెరకు గెడ విరుచుకుని, నములుకుంటూ, అంతా తన గొప్పే అనుకుంటూ ఇంటికి పోతున్నాడు.